మన మనసు మీద బహుమతులు ఎవరికి?

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి "సార్, ఈసారి సంచికలో విద్యా పురస్కారాల గురించి ఒక వ్యాసం కావాలి, మీరు మన కాలేజీ పాత విద్యార్థి కూడా కదా" అన్నప్పుడు అతను ఆశించింది బహుశా బంగారు పతకాలు తెచ్చుకున్నవాళ్లకు నాలుగు అభినందన వాక్యాలు, వెనక వచ్చేవాళ్లకు నాలుగు ప్రోత్సాహ వాక్యాలు అయివుంటుంది. అభినందనలు మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. ఈ సంచిక మధ్య పేజీల్లో వాళ్ల ఫోటోలు ఉంటాయి. ఆ ఫోటోల వెనక ఎన్ని హాస్టల్ రాత్రులున్నాయో, ఎంతమంది తల్లిదండ్రుల కూలి డబ్బులున్నాయో నాకు తెలియనిది కాదు. కానీ నేను రాయదలచుకున్నది వేరే సంగతి.

మన విశ్వవిద్యాలయాల పతకాల జాబితాలు ఒకసారి తీసి చూడండి. ఫలానా శాస్త్రంలో ప్రథమ స్థానం, ఫలానా పేపర్లో అత్యధిక మార్కులు. ఒక దాత కొంత మొత్తం డిపాజిట్ చేస్తారు, దాని వడ్డీ మీద ఏటా పతకం చేయిస్తారు, మార్కుల జాబితాలో పైనున్న పేరుకు ఇస్తారు. ఇందులో పక్షపాతానికి తావు లేదు, మంచిదే. ఆ విద్యార్థి కొత్తగా ఏం కనుక్కున్నాడు, ఎవరిని ఏం అడిగాడు అనే ప్రశ్నకు కూడా ఇందులో తావు లేదు. మిగతా శాస్త్రాల మాట ఆయా అధ్యాపకులు చెప్పాలి. నేను రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ని కాబట్టి నా గడపకు దగ్గరున్న ఒక శాస్త్రం గురించి, ఆ శాస్త్రంలో ప్రపంచం ఇస్తున్న బహుమతుల గురించి, వాటిలో ఎవరూ పెట్టని ఒక షరతు గురించి మాట్లాడతాను.

ఆ శాస్త్రం పేరు రాజకీయ మనస్తత్వశాస్త్రం. పేరు పెద్దదే గానీ సంగతి మనం రోజూ హోటల్ బల్ల మీద మాట్లాడుకునేదే. కడుపు నిండినవాడు కూడా ఎందుకు కోపంగా ఉంటాడు? నాయకుడు తిట్టినా జనం ఎందుకు చప్పట్లు కొడతారు? నిన్నటిదాకా ఒక బావి నీళ్లు తాగిన రెండు వాడలు ఒక్క వదంతితో ఎందుకు కత్తులు దూసుకుంటాయి? ఓటు వేసేముందు మనిషి తన లాభం చూసుకుంటాడా, తనవాళ్ల మర్యాద చూసుకుంటాడా? రాజనీతిశాస్త్రం క్లాసులో మేము రాజ్యాంగ అధికరణాలు చెబుతాం. మనస్తత్వశాస్త్రం క్లాసులో వాళ్లు జ్ఞాపకశక్తి, ప్రేరణ, మూర్తిమత్వం చెబుతారు. పోలింగ్ బూత్ ముందు క్యూలో నిలబడ్డ మనిషి మాత్రం ఈ రెండు వరండాల మధ్య ఎండలో ఉండిపోయాడు. ఉస్మానియాలో, ఆంధ్రలో, శ్రీ వేంకటేశ్వరలో మనస్తత్వశాస్త్ర శాఖలు ఉన్నాయి, రాజనీతిశాస్త్ర శాఖలు ఉన్నాయి. ఆ రెండు శాఖల పిల్లలు ఒక బల్ల దగ్గర కూర్చుని చదువుకోవడం మటుకు నేను అరుదుగా చూశాను.

ప్రపంచంలో ఈ రెంటినీ కలిపిన పెద్దల్లో మొదట చెప్పుకోవలసిన పేరు హెరాల్డ్ లాస్‌వెల్. షికాగో విశ్వవిద్యాలయంలో పెరిగినవాడు. రాజకీయ నాయకుల మనసుల్లోకి వైద్యుడిలా తొంగిచూస్తూ 1930లో 'సైకోపాథాలజీ అండ్ పాలిటిక్స్' అనే పుస్తకం రాశాడు. ఆయన 1978లో కన్నుమూశాడు. సరిగ్గా ఆ ఏడాదే జీన్ నట్సన్ అనే ఆమె పూనుకుని అంతర్జాతీయ రాజకీయ మనస్తత్వశాస్త్ర సంఘాన్ని స్థాపించింది. ఆ సంఘం తరువాత కొన్ని పురస్కారాలు పెట్టింది. శాస్త్రానికి విశిష్ట సేవ చేసినవారికి లాస్‌వెల్ పేరిట ఒకటి, మంచి పుస్తకానికి అలెగ్జాండర్ జార్జ్ పేరిట ఒకటి, ఇంకా తొలి మెట్ల మీద ఉన్న పరిశోధకులకు ఎరిక్ ఎరిక్సన్ పేరిట ఒకటి. ఈ శాస్త్రాన్ని ఆచరణలోకి తెచ్చి, రాజకీయాలు నడిచే తీరును కాస్తయినా మెరుగుపరచినవారికి నెవిట్ శాన్‌ఫర్డ్ పేరిట మరొకటి.

ఈ చివరి రెండు పేర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అమెరికాలో కమ్యూనిస్టు భయం పట్టుకున్న రోజుల్లో, 1949-50 ప్రాంతంలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన అధ్యాపకులందరినీ విధేయతా ప్రమాణపత్రం మీద సంతకం పెట్టమంది. శాన్‌ఫర్డ్ పెట్టనన్నాడు, ఉద్యోగం పోయింది. అదే ఏడాది, 1950లో, జనంలో నియంతృత్వానికి తలవంచే గుణం ఎలా పెరుగుతుందో చెప్పే 'ది అథారిటేరియన్ పర్సనాలిటీ' అనే పెద్ద గ్రంథం అచ్చయింది. అడోర్నో తదితరులతో పాటు దాని రచయితల్లో శాన్‌ఫర్డ్ ఒకడు. ఎరిక్సన్ కూడా ఆ ప్రమాణపత్రం గొడవలోనే బర్కిలీ వదిలిపెట్టాడు. అంటే ఈ శాస్త్రంలో బహుమతులకు పేరు పెట్టేటప్పుడు వాళ్లు డబ్బిచ్చిన దాతను చూడలేదు, సంతకం పెట్టని చేతులను చూశారు. మన దగ్గర పతకానికి పేరు పెట్టే పద్ధతి గురించి నేను ఇంతకంటే ఎక్కువ మాట్లాడను, దాతలు నొచ్చుకుంటారు.

ఎరిక్సన్ మనకు ఇంకొక విధంగా చుట్టం. ఆయన 1962లో ఒక సెమినార్ కోసం అహ్మదాబాద్ వచ్చాడు. 1918లో అక్కడి బట్టల మిల్లు కార్మికుల సమ్మెను గాంధీజీ నడిపించిన కథ విని దాని వెంటపడ్డాడు. ఆ సమ్మెలో ఉన్న పెద్దల్లో అప్పటికి మిగిలినవాళ్లను కలిశాడు, అడిగాడు, రాసుకున్నాడు. 1969లో 'గాంధీస్ ట్రూత్' పుస్తకం వచ్చింది. 1970లో దానికి అమెరికాలో పులిట్జర్ బహుమతి, నేషనల్ బుక్ అవార్డు రెండూ వచ్చాయి. ఒక భారతీయ నగరంలో కార్మికులు ఆకలితో చేసిన సమ్మె, దాని నాయకుడి మనసు, రెండు పెద్ద బహుమతులు తెచ్చిపెట్టాయి. నేను ఎరిక్సన్‌ను తప్పుపట్టడం లేదు. గాంధీజీ తన ఇంటివాళ్లతో మెలిగిన తీరు గురించి ఆ పుస్తకంలో ఆయన అడిగిన ప్రశ్నలు మనవాళ్లలో చాలామంది అడగడానికి జంకినవే. అయినా నాకొక సందేహం మిగిలిపోయింది. ఆ బహుమతి వార్త ఏ మిల్లు చాలీలోనైనా ఎవరైనా చదివి వినిపించారా?

అహ్మదాబాద్‌లో ఎరిక్సన్‌ను కలుసుకుని, ఆయన దారి పట్టి, ఇంజనీరింగ్ వదిలి మనోవిశ్లేషకుడైనవాడు సుధీర్ కక్కర్. ఈయన మన ముంగిట్లోకే వచ్చాడు. 1990 డిసెంబరులో హైదరాబాదులో జరిగిన మతకల్లోలాలు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. కక్కర్ పాతబస్తీకి పోయి, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లతోనూ, కొట్లాటల్లో ముందు నడిచిన పహిల్వాన్లతోనూ కూర్చుని మాట్లాడాడు. రెండు వైపుల మనుషులూ తమను తాము ఎలా చూసుకుంటారు, అవతలివాణ్ని ఎలా ఊహించుకుంటారు అని అడిగాడు. 1996లో 'ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్' వచ్చింది. రెండేళ్లకు, 1998లో, జర్మనీ ఆయనకు గోథే పతకం ఇచ్చింది. అది ఆ ఒక్క పుస్తకానికి కాదు, ఆయన మొత్తం కృషికి ఇచ్చింది. ఆయన 2024లో పోయారు. అశుతోష్ వార్ష్నే అనే మరొక పండితుడు హైదరాబాదును లక్నోతో జతకట్టి, అహ్మదాబాదును సూరత్‌తో, అలీగఢ్‌ను కాలికట్‌తో జతకట్టి, ఒక ఊళ్లో కల్లోలాలు ఎందుకు అవుతాయి, ఇంకో ఊళ్లో ఎందుకు కావు అని తరచి చూశాడు. రెండు మతాలవాళ్లూ కలిసి ఉన్న సంఘాలు, వర్తక మండళ్లు, యూనియన్లు బలంగా ఉన్నచోట నిప్పు అంటుకోదు అన్నది స్థూలంగా ఆయన తేల్చింది. 2002లో వచ్చిన ఆ పుస్తకానికి అమెరికా రాజనీతిశాస్త్ర సంఘం వారి లూబెర్ట్ బహుమతి వచ్చింది. అది నేరుగా మనస్తత్వశాస్త్రం కాకపోయినా పక్కింటిదే.

అంటే హైదరాబాదు పాతబస్తీ సందుల్లో జరిగిన మాటలు షికాగోలో, యేల్‌లో పుస్తకాలయ్యాయి. మన కాలేజీ క్లాసులో "కల్లోలాల మీద ఎవరైనా ఏమైనా చదివారా?" అని అడిగితే పిల్లలు వాట్సాప్ కథలు చెబుతారు. పుస్తకం పేరు చెప్పినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. పిల్లల తప్పని నేను అనను.

ఇప్పుడు మన జిల్లాల వైపు వద్దాం. 1969 జనవరిలో పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం దగ్గర మొదలైన ముల్కీ గొడవ ఖమ్మం విద్యార్థుల చేతుల్లోకి, అక్కణ్నించి వరంగల్, హైదరాబాదు కాలేజీలకు ఎలా పాకిందో మన సీనియర్లు చెప్పగా విన్నాం. బొగ్గు మనది, నీళ్లు మనవి, కరెంటు కేంద్రం మన నేల మీద ఉంది, ఉద్యోగాలు మాత్రం బయటివాళ్లకు పోతున్నాయి అన్నది ఆనాటి మాట. ఆ మరుసటి ఏడాదే, 1970లో, టెడ్ గర్ అనే అమెరికన్ ఆచార్యుడు 'వై మెన్ రెబెల్' అనే పుస్తకం ప్రచురించాడు. దానికి ఆ ఏడాది ఉత్తమ రాజనీతిశాస్త్ర గ్రంథంగా వుడ్రో విల్సన్ బహుమతి ఇచ్చారు. పాల్వంచను చూసి రాసిన పుస్తకం కాదది, కానీ చదువుతుంటే పాల్వంచే కనిపిస్తుంది. ఆయన చెప్పేది ఇది. మనిషి పేదరికం వల్ల మాత్రమే తిరగబడడు. తనకు రావలసింది ఇంత అనుకున్నదానికీ, తనకు రాగలిగింది ఇంత అని కనబడేదానికీ మధ్య ఎడం పెరిగినప్పుడు తిరగబడతాడు. దీన్ని సాపేక్ష లేమి అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, పోల్చుకుని పడే లేమి.

ఈ ఊహ గర్ కంటే పాతది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుల మనోభావాలను శామ్యూల్ స్టౌఫర్ బృందం పరిశీలించింది, 1949లో గ్రంథం వచ్చింది. అందులో ఒక వింత బయటపడింది. మిలిటరీ పోలీసు విభాగంలో ప్రమోషన్లు చాలా తక్కువ, వైమానిక విభాగంలో చాలా ఎక్కువ. అయినా ప్రమోషన్ల పద్ధతి మీద అసంతృప్తి ఎక్కువగా ఉన్నది వైమానిక విభాగంలోనే! ఎందుకంటే అక్కడ ప్రతివాడి కళ్లముందూ ప్రమోషన్ వచ్చిన స్నేహితుడొకడు తిరుగుతుంటాడు. పోలీసు విభాగంలో ఎవరికీ రాదు కాబట్టి ఎవరికీ బాధ లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మన ఆఫీసుల్లో, మన స్టాఫ్‌రూముల్లో కూడా చాలా కోపాలు అర్థమవుతాయి.

ముల్కీ గొడవ మీద పుస్తకాలు రాలేదా అంటే వచ్చాయి. మైరన్ వీనర్ 1978లో రాసిన 'సన్స్ ఆఫ్ ది సాయిల్'లో అస్సాం, ఛోటానాగ్‌పూర్‌లతో పాటు హైదరాబాదు ముల్కీ వివాదం మీద కూడా ఒక పెద్ద అధ్యాయం ఉంది. మన కోపం మనకంటే ముందు అమెరికా లైబ్రరీల్లో కేటలాగు అయింది.

మా ఊరు చెల్పూర్. భూపాలపల్లి దారిలో పోయినవాళ్లకు దూరం నుంచే పొగగొట్టం కనబడుతుంది. కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం అక్కడే. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండోది 2016లో నడక మొదలుపెట్టాయి. బొగ్గు పక్కనే ఉన్న భూపాలపల్లి సింగరేణి గనుల నుంచి వస్తుంది. అంటే 1969లో పాల్వంచ చూసిన దృశ్యమే నలభై ఏళ్ల తరువాత మా ఊరు చూసింది. కేంద్రం, కాలనీ, క్యాంటీన్, గేటు ముందు బారులు తీరిన మోటారు సైకిళ్లు, గేటు బయట ఉండిపోయిన సైకిళ్లు. రాజకీయ మనస్తత్వశాస్త్రానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

అందుకే కొన్నేళ్ల కింద నేను పాఠం చెప్పే కాలేజీ నుంచి ఆరుగురు పిల్లలను డిసర్టేషన్ పని మీద మా ఊరికి తీసుకుపోయాను. చేతిలో ప్రశ్నావళి, అందులో అన్ని పుస్తకాల్లో ఉండే ప్రశ్నే: మీ ప్రస్తుత జీవితంతో మీరు ఎంత తృప్తిగా ఉన్నారు, ఒకటి నుంచి ఐదు వరకు చెప్పండి. రోడ్డు పక్క చాయ్ హోటల్లో ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని మా అమ్మాయి "తాతా, ఒకటంటే అస్సలు బాగాలేదు, ఐదంటే చాలా బాగుంది, నువ్వు ఎంతంటవు?" అని అడిగింది. ఆయన చాయ్ సాసరులో పోసుకుని, ఊదుకుని, తాగి, అప్పుడన్నాడు:

"మంచిగనే ఉన్న బిడ్డా. కానీ ఎవ్వల్తోని సూసుకొని చెప్పాలె? మా బాపు కాలంతోనా, పక్కింటాయనతోనా?"

స్టౌఫర్ నాలుగు సంపుటాల గ్రంథమాలతో, గర్ ఒక బహుమతి గ్రంథంతో చెప్పిన మాట ఇదే కదా. మా అమ్మాయి తెలివైనది, ప్రశ్న పక్కకు పెట్టి "రెండూ చెప్పు తాతా" అంది. బాపు కాలంతో అయితే ఐదు, పక్కింటాయనతో అయితే రెండు అన్నాడు. తరువాత సంభాషణ భూముల మీదికి పోయింది. రోడ్డుకో, కాలువకో, గనికో, దేనికో భూమి ఇచ్చిన కుటుంబాలు మా వైపు చాలా ఉన్నాయి. ఇంట్లో జీతం వస్తున్నవాళ్లు కూడా ముందు చెప్పేది జీతం సంగతి కాదు, పోయిన చెలక సంగతి. ఏ చెట్టు ఎక్కడుండేదో కూడా చెబుతారు. డేనియల్ కాహ్నమన్, ఏమోస్ ట్వెర్స్కీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1979లో ఒక వ్యాసం రాశారు. వచ్చిన వంద రూపాయలు ఇచ్చే సంతోషం కంటే పోయిన వంద రూపాయలు పెట్టే బాధ మనిషికి బరువు అని వాళ్లు తేల్చారు. ట్వెర్స్కీ 1996లో పోయాడు. కాహ్నమన్‌కు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మనస్తత్వశాస్త్రానికి నోబెల్ లేదు కాబట్టి పక్కింటి గుమ్మంలోంచి ఇచ్చారనుకోండి.

వస్తూ వస్తూ ఉండగా ఆ పెద్దమనిషే వెనక నుంచి పిలిచి ఇంకొక మాట అన్నాడు: "పోయినేడు గూడ ఎవలో అచ్చిండ్రు, గిట్లనే రాసుకపోయిండ్రు. అండ్ల ఏమున్నదో మాకైతే ఎవ్వలు చెప్పలే."

పైన చెప్పిన పురస్కారాల్లో ఏ ఒక్కదానిలోనూ లేని షరతు ఇదే. పుస్తకం ఎంత లోతుగా ఉంది అని చూస్తారు, పద్ధతి ఎంత నికార్సుగా ఉంది అని చూస్తారు, ఎంతమంది పండితులు దాన్ని పేర్కొన్నారు అని చూస్తారు. జవాబు చెప్పినవాళ్ల చేతికి ఆ జవాబు తిరిగి వెళ్లిందా అని చూడరు. శాన్‌ఫర్డ్ పురస్కారం ఒక్కటే ఆచరణ అనే మాట ఎత్తి కొంత దగ్గరికి వస్తుంది. అదీ గ్రామం దాకా రాదు.

"ఇది సెంటిమెంటు, శాస్త్రానికి దీనితో ఏం పని?" అని నా సహాధ్యాపకుడొకాయన అన్నాడు. నేను ఒప్పుకోను. మనసు సంగతి తెలిసినవాడికి మనసు మీద కొంత అధికారం వస్తుంది. మన దేశంలో ఓటరు మనసును శాస్త్రీయంగా అడిగే పని ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ సంస్థ 1967 ఎన్నికల నుంచి చేస్తోంది. ఆ ఫలితాలు వ్యాసాలుగా, పుస్తకాలుగా వచ్చాయి, దాచుకోలేదు. ఇవాళ మాత్రం ఎన్నికల ముందు మా ఊరికి వచ్చే సర్వే కుర్రాళ్లలో చాలామంది పార్టీలు పెట్టుకున్న మనుషులు. ట్యాబ్ పట్టుకుని వస్తారు, కులం అడుగుతారు, కోపం అడుగుతారు, భయం అడుగుతారు, వెళ్లిపోతారు. ఆ కోపాన్నీ ఆ భయాన్నీ ఏ మాటతో గిల్లితే ఎటు తిరుగుతుందో నాయకుడి దగ్గర లెక్క ఉంటుంది. కోపం ఎవరిదో వాళ్ల దగ్గర ఉండదు. ఈ ఎడం మీద కదా మన విశ్వవిద్యాలయాలు పనిచేయవలసింది! విశ్వవిద్యాలయం కూడా రాసుకుపోయి, డిసర్టేషన్ బైండింగు చేయించి, అల్మారాలో పెట్టి తాళం వేస్తే, ఆ పార్టీ సర్వేకూ మనకూ తేడా ఏముంది? తేడా ఒకటే, వాళ్లది ఉపయోగంలోకి వస్తుంది.

జనం మనసును చదివి, చదివింది తిరిగి జనానికే చెప్పిన మనిషి మన జిల్లాలవాడే ఒకాయన ఉన్నాడు. 2016 అక్టోబరులో మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు. కొత్తపల్లి జయశంకర్ గారు వృత్తిరీత్యా అర్థశాస్త్రం మనిషి, 1991 నుంచి 1994 వరకు కాకతీయ విశ్వవిద్యాలయం ఉపకులపతి. 1952 ముల్కీ ఉద్యమంలో విద్యార్థిగా ఉన్నాడు, 1969 చూశాడు, రెండూ ఎక్కడ ఆగిపోయాయో ఆలోచించాడు. భావజాల వ్యాప్తి, ఆందోళన, రాజకీయ ప్రక్రియ అని ఆయన చెప్పిన మూడు మెట్లలో మొదటి మెట్టు పూర్తిగా మనస్తత్వానికి సంబంధించింది. జనంలో ఉన్న బాధకు ఒక పేరు, ఒక లెక్క ఇవ్వాలి. నీళ్లు ఇన్ని, నిధులు ఇన్ని, కొలువులు ఇన్ని అని కాగితం మీద పెట్టి, తెలుగులో, పల్లె సభల్లో చెప్పాలి. ఆయన 2011 జూన్‌లో వెళ్లిపోయాడు, 2014 జూన్ 2 చూడలేదు. లాస్‌వెల్ పురస్కారం అందుకున్నవాళ్ల జాబితాలో ఆయన పేరు కోసం వెతకకండి. రాజకీయాలతో ఆయనతో విభేదించేవాళ్లు ఉండవచ్చు, ఉన్నారు కూడా. నేను ఇక్కడ మాట్లాడుతున్నది పద్ధతి గురించి.

కాబట్టి విద్యార్థి సంఘానికీ, పాత విద్యార్థులకూ నా ప్రతిపాదన ఇది. మన కాలేజీలో ఏటా ఒక బహుమతి పెడదాం. రాజకీయాల్లో మనిషి మనసు ఎలా పనిచేస్తుందో చూపిన ఒక మంచి డిసర్టేషన్‌కు. ఓటు, కోపం, భయం, కులాభిమానం, నాయకుడి మోజు, హాస్టల్ ఎన్నిక, ఏదైనా సరే. ఏ శాఖ విద్యార్థి అయినా పోటీ చేయవచ్చు. గణితం పిల్లవాడు వస్తే ఇంకా సంతోషం, మా శాఖలో లెక్కలు సరిచూసేవాడు దొరుకుతాడు. మార్కులతో నిమిత్తం లేదు. రెండు షరతులు మాత్రం ఉండాలి. ఒకటి, డిసర్టేషన్ ఏ భాషలో రాసినా దాని సారాంశం పది పేజీలకు మించకుండా, ఏడో తరగతి చదివినవాళ్లకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. రెండు, బహుమతి ఇచ్చేముందు ఆ విద్యార్థి జవాబులు సేకరించిన ఊరికో, బస్తీకో, కార్మిక కాలనీకో తిరిగి వెళ్లి ఆ సారాంశం చదివి వినిపించాలి. వాళ్లు "ఇది తప్పు, మేము అట్లా అనలేదు" అంటే ఆ అభ్యంతరం కూడా డిసర్టేషన్ చివర చేర్చాలి. ఎవరు ఏమన్నారో పేర్లు మాత్రం బయటపెట్టకూడదు. ఊళ్లో కలిసి బతకవలసినవాళ్లు వాళ్లు, మనం కాదు.

ఇంగ్లీషులో రాయకపోతే పై చదువుల్లో ఎవరు గుర్తిస్తారు అని కొందరు అంటారు. ఇంగ్లీషులో రాయవద్దని ఎవరన్నారు? లోకానికి ఇంగ్లీషులో చెప్పండి, ఇంటికి తెలుగులో చెప్పండి. నిజానికి తెలుగులో చెప్పబోతే ఎంత గాలి ఉందో, ఎంత సరుకు ఉందో తేలిపోతుంది. నేను పిల్లల చేత ఈ పని చేయించి చూశాను. 'కాగ్నిటివ్ డిసొనెన్స్' అని రాసి ముందుకు పోయినవాడు, చెల్పూర్‌లో చదవాలి అనేసరికి "మనసులో ఒకటి, చేసేది ఇంకొకటి అయినప్పుడు మనిషి తనకు తాను చెప్పుకునే సాకు" అని రాసుకొచ్చాడు. రెండో వాక్యం రాయాలంటే విషయం తెలిసి ఉండాలి.

పరిశీలకుల సంఘంలో ఇద్దరు అధ్యాపకులు, ఒక పాత విద్యార్థి, చదివి వినిపించిన ఊరి నుంచి ఒకరు ఉంటే చాలు. ఊరి నుంచి ఎవరు అన్నది సర్పంచ్‌కు వదలకూడదు, సభకు వచ్చినవాళ్లే ఎన్నుకోవాలి. వేళ మాత్రం ఎండాకాలం సాయంత్రాలు పెట్టుకోవాలి. నాట్ల కాలంలో, మిర్చి ఏరే కాలంలో పోతే వినడానికి పిల్లలు, ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు.

డబ్బు సంగతి పెద్దది కాదు. బంగారం అక్కరలేదు. పుస్తకాలు, ఆ ఊరికి పోయిరావడానికి బస్సు చార్జీలు, ఆ సాయంత్రం సభకు చాయ్ ఖర్చు. పాత విద్యార్థులు ఏటా తలా కొంత వేసుకుంటే సరిపోతుంది. పేరు దగ్గరే నాకు భయం. ఎవరి పేరు పెట్టాలి అనే చర్చ మొదలైతే రెండేళ్లు బహుమతి ఇవ్వలేం. ఆ చర్చలో ఎవరు ఏ పేరు ఎందుకు చెప్పారు అన్నదే మంచి రాజకీయ మనస్తత్వశాస్త్ర డిసర్టేషన్ అవుతుంది! కనుక మొదటి అయిదేళ్లు పేరు లేకుండానే ఇద్దాం.

ఈ ప్రతిపాదనను రాతపూర్వకంగా సంఘానికి ఇచ్చాను. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఏడో అంశంగా పెట్టామని కార్యదర్శి చెప్పాడు. ఆరో అంశం క్యాంటీన్ బకాయిలు. దాని మీద చర్చ ఎంతసేపు నడుస్తుందో పాత విద్యార్థులకు తెలుసు కనుక, ఏడో అంశం వచ్చేదాకా లేచి వెళ్లిపోకుండా కూర్చోవలసిందని వాళ్లను ప్రత్యేకంగా కోరుతున్నాను.